ఏ గీత గీసినా సూర్యుడే

కిందటి అక్టోబర్‌లో మా ఫ్యామిలీ గ్రూపులో నేనొక తప్పు చేశాను. నాన్న అరసవల్లి ఫోటో ఒకటి పెట్టారు. గర్భగుడిలో స్వామివారి పాదాల మీద బంగారు రంగులో ఎండపొడ. దాని కింద ఎవరో రాసిన పెద్ద మెసేజ్: పన్నెండు నెలల్లో రెండే సార్లు జరిగే అద్భుతం, మన పూర్వీకులకు తెలియని సైన్స్ లేదు, నాసా కూడా ఒప్పుకుంది వగైరా. నేను ఆఫీసులో ఏదో బగ్‌తో కొట్టుకుంటున్నాను, చిరాగ్గా ఉంది. "తూర్పు వైపు తలుపున్న ఏ ఇంట్లోనైనా ఎండ పడుతుంది నాన్నా, దీనికి నాసా ఎందుకు" అని కొట్టేశాను. ఇద్దరు కజిన్లు నవ్వు బొమ్మలు పెట్టారు. నాన్న ఏమీ అనలేదు. ఆ తర్వాత మూడు వారాలు గ్రూపులో గుడ్ మార్నింగ్ కూడా పెట్టలేదు.

ఆయనది శ్రీకాకుళం పక్కన పల్లె. చిన్నప్పుడు మా తాతయ్య చీకటితో లేపి, భుజాల మీద ఎక్కించుకుని, జనంలోంచి ఆ వెలుగు చూపించాడట. అది నాకు తర్వాత అమ్మ చెప్పింది. నేను కొట్టిపారేసింది నాసా మెసేజ్ ఒక్కటే కాదన్నమాట.

అప్పుడు తప్పు దిద్దుకుందామనే చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ తేలిందేమిటంటే ఆ మెసేజూ తప్పే, నా జవాబూ తప్పే.

*

ముందు ఆ రెండు సార్ల సంగతి చూద్దాం. అరసవల్లిలో కిరణాలు పడేది మార్చి 9, 10 ప్రాంతంలో, మళ్ళీ అక్టోబర్ మొదటి రెండు మూడు రోజుల్లో. సూర్యుడు ప్రతిరోజూ సరిగ్గా తూర్పునే ఉదయించడు. జూన్‌లో ఉత్తరానికి, డిసెంబర్‌లో దక్షిణానికి జరుగుతూ, క్షితిజం మీద ఒక కొస నుంచి ఇంకో కొసకి ఊయలలా తిరుగుతాడు. రెండు కొసలూ అయనాలు. మధ్యలో ఏ బిందువు తీసుకున్నా ఏడాదిలో రెండుసార్లు, పోయేటప్పుడొకసారి వచ్చేటప్పుడొకసారి, దాన్ని దాటాలి. మార్చి 10న, అక్టోబర్ 3న సూర్యుడు ఉదయించేది దాదాపు ఒకే చోట, తూర్పుకి నాలుగు డిగ్రీలు దక్షిణంగా. అంటే రెండు అద్భుతాలు లేవు. ఉన్నది ఒకే గీత. సూర్యుడు దాన్ని రెండుసార్లు తొక్కుతున్నాడు.

ఈజిప్టులో అబూ సింబెల్ కూడా అంతే. మూడువేల రెండొందల ఏళ్ళ కిందట రెండో రామ్సెస్ కొండ తొలిపించి కట్టించిన గుడి అది. ఫిబ్రవరి 22న, అక్టోబర్ 22న ఉదయపు కిరణాలు దాదాపు 60 మీటర్లు లోపలికి వెళ్ళి గర్భగృహంలోని నాలుగు విగ్రహాల్లో మూడింటి మీద పడతాయి. నాలుగోది ప్తాహ్ దేవుడిది, అది చీకట్లోనే ఉంటుంది. ఒక రోజు రామ్సెస్ పుట్టినరోజు, ఇంకోటి పట్టాభిషేకం రోజు అని గైడ్లు చెబుతారు. దానికి రాతపూర్వక ఆధారం లేదు. రెండు తేదీలు ఉన్నాయి కాబట్టి రెండు కారణాలు కావాల్సి వచ్చాయి, అంతే. గీత ఒకటే అని తెలిస్తే ఒక కారణం చాలు. అసలు కారణమే లేకపోయినా ఎండ పడుతుంది.

ఇది నాకు బాగా ఎక్కింది మా ఫ్లాట్ వల్ల. లెక్క కోసం పైథాన్‌లో చిన్న స్క్రిప్టు రాసుకున్నాను. ఊరి అక్షాంశం, గోడ దిశ ఇస్తే ఎండ ఏ తేదీన నేరుగా వస్తుందో చెబుతుంది. టెస్టింగ్‌కి మా హైదరాబాద్ అపార్ట్‌మెంట్ కారిడార్ దిశ ఫోన్‌లో కొలిచి ఇచ్చాను. ఫిబ్రవరి 19, అక్టోబర్ 23 అని వచ్చింది. ఫిబ్రవరిలో పొద్దున్నే లేచి చూశాను. లిఫ్టు పక్క కిటికీలోంచి వచ్చిన ఎండ కారిడార్ పొడవునా పాకి, సరిగ్గా మా చెప్పుల స్టాండు మీద పడింది. రామ్సెస్‌కీ మాకూ మూడు రోజుల తేడా. మా బిల్డర్ చూసుకున్నది సెట్‌బ్యాక్, పార్కింగ్. రామ్సెస్ పేరు ఆయన వినుంటాడని కూడా నేననుకోను.

ఇందులో వింత లేదు. హైదరాబాద్ అక్షాంశంలో సూర్యోదయపు బిందువు ఏడాదిలో దాదాపు 49 డిగ్రీల మేర తిరుగుతుంది. అస్తమయమూ అంతే, సరిగ్గా ఎదురుగా. కాబట్టి కళ్ళు మూసుకుని నేల మీద ఏ గీత గీసినా, అది ఏదో ఒక రోజు ఉదయించే సూర్యుణ్ణో అస్తమించే సూర్యుణ్ణో తాకే అవకాశం 180లో 49, అంటే నాలుగింట ఒకటి కన్నా ఎక్కువే.

*

కంప్యూటరు పెట్టి ప్రాచీన రాళ్ళలో సూర్యుణ్ణి వెతికిన మొదటివాణ్ణి నేనేం కాదు. 1963లో జెరాల్డ్ హాకిన్స్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఇంగ్లండ్‌లోని స్టోన్‌హెంజ్ రాళ్ళు, గుంటల స్థానాలను ఐబీఎం కంప్యూటరులోకి ఎక్కించి, ఏ రెండిటిని కలిపితే సూర్యచంద్రుల ముఖ్యమైన ఉదయాస్తమయాలు వస్తాయో లెక్క వేయించాడు. చాలా వచ్చాయి. నేచర్ పత్రికలో వ్యాసం, రెండేళ్ళకు స్టోన్‌హెంజ్ రహస్యం విప్పేశామనే పుస్తకం. అక్కడి 56 గుంటల వలయం గ్రహణాలు లెక్కపెట్టే యంత్రమని కూడా అన్నాడు. స్టోన్‌హెంజ్ రాతియుగపు కంప్యూటర్ అన్న మాట అప్పుడు పుట్టింది.

అక్కడ తవ్వకాలు చేసిన రిచర్డ్ అట్కిన్సన్ దీనిమీద విరుచుకుపడ్డాడు. హాకిన్స్ కలిపిన గుంటల్లో కొన్ని మనుషులు తవ్వినవే కాకపోవచ్చు. వేర్వేరు కాలాల్లో పుట్టినవాటిని ఒకే డిజైన్ అనుకుని కలిపేశాడు. రెండు మూడు డిగ్రీల తేడా ఉన్నా సరిపోయిందని రాసుకున్నాడు. మా భాషలో చెప్పాలంటే డేటా శుభ్రం చేయకుండా, థ్రెషోల్డ్ వదులు చేసుకుని, పాసైన టెస్టులు మాత్రమే రిపోర్టు చేశాడు. జాకెట్టా హాక్స్ అనే పురాతత్వవేత్త అయితే ఒక్కో కాలం తాను కోరుకునే స్టోన్‌హెంజ్‌నే చూసుకుంటుందని వెక్కిరించింది. అరవైల వాళ్ళకి కంప్యూటరంటే మోజు. రాళ్ళలో వాళ్ళకి కంప్యూటరు కనపడింది.

మన దగ్గరా ఇలాంటి రాళ్ళున్నాయి. నారాయణపేట జిల్లాలో కృష్ణానది ఒడ్డున ముడుమాల్ నిలువురాళ్ళు. మూడువేల ఏళ్ళకు పైబడినవి. మనిషికి రెండింతల ఎత్తు రాళ్ళు ఎనభై దాకా, చిన్నవి వేలల్లో. హైదరాబాద్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కె.పి. రావు చాలా ఏళ్ళు వీటిని అధ్యయనం చేసి, కొన్ని వరుసలు అయనాల, విషువత్తుల సూర్యుడి దిశలో ఉన్నాయని చెప్పారు. 2025లో ఈ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాకి ఎక్కింది. అప్పటినుంచి వాట్సాప్‌లో ఇది ప్రపంచపు మొదటి అబ్జర్వేటరీ.

ఇక్కడ నా స్క్రిప్టు నన్ను భయపెట్టింది. ఎనభై రాళ్ళలో ఏ రెండిటినైనా కలపొచ్చంటే 3160 గీతలు వస్తాయి. రాళ్ళు గుడ్డిగా విసిరేసినట్టున్నా, అందులో దాదాపు 35 గీతలు డిసెంబర్ అయనపు సూర్యోదయానికి ఒక డిగ్రీ అటూ ఇటూగా పడతాయి. జూన్‌కి ఇంకో 35. చంద్రుణ్ణి కూడా చేర్చుకుంటే ఇక అడగక్కర్లేదు. రావు గారు చెప్పేది ఏవో రెండు రాళ్ళ గురించి కాదు, వరుసల గురించి. అది గట్టి వాదన, ఎందుకంటే వరుస అన్నది రాళ్ళు పెట్టినవాళ్ళు తేల్చిన గీత, మనం తర్వాత గీసుకున్నది కాదు. కానీ వార్త చదివి అక్కడికెళ్ళి ఫోన్ కంపాస్ తీసే ఔత్సాహికులు వెతికేది వరుసలు కాదు. ఆ 3160లో ఒకటి.

అక్కడే ఒక రాతి మీద చిన్న చిన్న గుంటలున్నాయి. వాటిని సప్తర్షి మండలంగా గుర్తించారు. అయి ఉండొచ్చు, ఆ ఏడు చుక్కల్ని ఏ జాతీ వదిలిపెట్టలేదు. కానీ పై రెండు గుంటలను కలిపి గీత పొడిగిస్తే ధ్రువనక్షత్రం వస్తుందని కూడా కొందరు చెబుతుంటారు. దాంతోనే పేచీ. భూమి అక్షం బొంగరంలా దాదాపు 26 వేల ఏళ్ళకొక చుట్టు తిరుగుతుంది. మూడున్నరవేల ఏళ్ళ కిందట మన ధ్రువనక్షత్రం ధ్రువానికి ఇరవై డిగ్రీలకు దగ్గరగా పక్కన ఉండేది. అప్పటి జనానికి అది ఉత్తరం చూపించే చుక్క కాదు, రాత్రంతా పెద్ద చుట్టు చుట్టే మామూలు చుక్క. దాన్ని చూపించాల్సిన అవసరం మనది, వాళ్ళది కాదు.

*

అయితే ఏదీ నమ్మొద్దా? గ్రూపులో నా పొగరు సరిగ్గా అదే. కాకతాళీయం అనేస్తే తెలివైనవాడిలా ఉంటాం, చదవక్కర్లేదు కూడా. కానీ నమ్మక తప్పనివి ఉన్నాయి.

ఐర్లండ్‌లో న్యూగ్రేంజ్ అనే సమాధి గుట్ట ఉంది. క్రీ.పూ. 3200 నాటిది, గిజా పిరమిడ్ల కన్నా పాతది. లోపలికి 19 మీటర్ల ఇరుకు దారి, చివర గది. ద్వారానికి పైన ఇంకో చిన్న కిటికీ లాంటి రాతి పెట్టె ఉంది. మనుషులు రావడానికి కింద ద్వారం ఉండగా ఇది దేనికో తెలియలేదు. 1967 డిసెంబర్ 21 తెల్లవారుజామున మైకేల్ ఓకెల్లీ అనే పురాతత్వవేత్త ఒంటరిగా ఆ గదిలో కూర్చున్నాడు. పొద్దు పొడిచాక పై పెట్టెలోంచి సన్నటి వెలుగు దారి పొడవునా వచ్చి గది నేలను తాకింది. పావుగంట పైన ఉండి, వెళ్ళిపోయింది. ఇప్పుడు సూర్యోదయమైన నాలుగు నిమిషాలకు గానీ వెలుగు లోపలికి రాదు. ఐదువేల ఏళ్ళలో భూమి వంపు కొద్దిగా మారింది, ఆ మార్పుని వెనక్కి తిప్పి టామ్ రే అనే ఖగోళ శాస్త్రవేత్త 1989లో లెక్క కడితే, కట్టిన రోజుల్లో వెలుగు సరిగ్గా సూర్యోదయంతోనే ప్రవేశించేదని తేలింది. ఇక్కడ నన్ను ఒప్పించింది వెలుగు ఒక్కటే కాదు, ఆ పెట్టె. వేరే ఏ పనికీ రాని భాగాన్ని బరువైన రాళ్ళతో ఎవరూ ఊరికే కట్టరు. కోడ్‌లో ఒక ఫంక్షన్‌ని ఒకే ఒక్క చోట, ఒకే పనికి పిలుస్తుంటే, దాన్ని ఎందుకు రాశారో కామెంట్ అక్కర్లేదు.

ఇంకోటి పోర్చుగల్, స్పెయిన్ సరిహద్దు ప్రాంతపు రాతి సమాధులు. మైకేల్ హాస్కిన్ అనే చరిత్రకారుడు ఏళ్ళ తరబడి తిరిగి ఒకే రకం సమాధులు 177 కొలిచాడు. ఒక్కటి కూడా తప్పకుండా అన్నీ సూర్యుడు ఉదయించే వంపులోకే ముఖం పెట్టి ఉన్నాయి. అక్కడ ఆ వంపు చుట్టూ ఉన్న దిశల్లో దాదాపు ఆరోవంతు. ఒక్క సమాధిని చూపిస్తే నేను నా చెప్పుల స్టాండు కథ చెబుతాను. పాచికను వరసగా 177 సార్లు వేస్తే 177 సార్లూ ఒకటే పడితే మాత్రం పాచికను అనుమానించాలి. బహుశా కట్టడం మొదలుపెట్టిన రోజు పొద్దున సూర్యుడు ఎక్కడుంటే అటు తిప్పారేమో అన్నాడు హాస్కిన్. వేధశాల కాదు, పండగ లెక్క కాదు. చనిపోయినవాళ్ళ ముఖం పొద్దు వైపు ఉండాలి, అంతే. ఆ అర్థం నాకు అబ్జర్వేటరీ కన్నా పెద్దదిగా కనిపించింది.

స్టోన్‌హెంజ్‌లో కూడా హాకిన్స్ గీతలు చాలావరకు పోయినా ఒకటి నిలబడింది. మొత్తం కట్టడపు ఇరుసు జూన్ అయనపు ఉదయం వైపు, వెనక్కి తిరిగితే డిసెంబర్ అయనపు అస్తమయం వైపు ఉంది. రెండిట్లో వాళ్ళకి ఏది ముఖ్యం? ఆ సమాధానం రాళ్ళు చెప్పలేదు, పందులు చెప్పాయి. దగ్గర్లోని డరింగ్టన్ వాల్స్ అనే చోట విందుల్లో తిని పారేసిన పంది ఎముకలు కుప్పలుగా దొరికాయి. పళ్ళు చూస్తే చాలా పందులు తొమ్మిది నెలల వయసులో చచ్చినవి. వసంతంలో ఈనిన పిల్లకి తొమ్మిది నెలలంటే నడి చలికాలం. జనం అక్కడ చేరింది పొద్దు కుంగిపోయే రోజులకి. ఇప్పుడు వేలమంది టూరిస్టులు వెళ్ళేది జూన్ ఉదయానికి.

*

మళ్ళీ మన గుళ్ళకి వద్దాం. బెంగళూరులో గవి గంగాధరేశ్వర గుహాలయం ఉంది. మకర సంక్రాంతి సాయంత్రం ఎండ నంది కొమ్ముల మధ్యగా వెళ్ళి లింగం మీద పడుతుంది. ఊయల లెక్క గుర్తుంటే ఇంకో రోజు ఎక్కడో ఉండాలని మీకీపాటికి తట్టి ఉంటుంది. ఉంది, నవంబర్ చివర్లో. అదే వెలుగు, అదే లింగం. ఆ రోజు టీవీ వ్యాన్లు రావు. 2008లో కొందరు పరిశోధకులు దీన్ని వివరంగా చూశారు. 18వ శతాబ్దం చివర్లో డేనియల్ అనే ఇద్దరు ఇంగ్లీషు చిత్రకారులు గీసిన బొమ్మలతో పోల్చి, అప్పటికీ ఇప్పటికీ కట్టడంలో మార్పులు జరిగాయని చూపించారు.

దీని వెనక ఇంకో చిక్కు ఉంది. సూర్యుడి ఊయల ఋతువుల లెక్క. మన సంక్రాంతి నక్షత్రాల లెక్క. రెండిటికీ ఏడాదికి ఇరవై నిమిషాల తేడా. డెబ్భై ఏళ్ళకు ఒక రోజు. వెయ్యేళ్ళ కిందట సంక్రాంతి ఇప్పటి క్యాలెండర్‌లో డిసెంబర్ ఆఖర్లో వచ్చేది. కాబట్టి వెయ్యేళ్ళ నాటి శిల్పి సంక్రాంతి కోసం గోడకి కన్నం పెట్టి ఉంటే, ఆ కన్నం ఈరోజు రెండు వారాలు తప్పాలి. ఇవాళ సరిగ్గా పడుతోందంటే అది పాత ప్లాన్‌కి అనుకూలమైన సాక్ష్యం కాదు, వ్యతిరేక సాక్ష్యం.

అరసవల్లికి అన్నిటికన్నా పెద్ద పండగ రథసప్తమి. ఆ రోజు కిరణాలు పడవు. పడేట్టు ఎందుకు కట్టలేదు? కట్టడం కుదరదు కాబట్టి. రథసప్తమి తిథి, చంద్రుడి లెక్క. అది జనవరి చివరికీ ఫిబ్రవరికీ మధ్య ఏటా జరుగుతూ ఉంటుంది. కదలని గోడ కదిలే తిథిని పట్టుకోలేదు. ఆ గుడిని 7వ శతాబ్దంలో కళింగ గాంగ రాజు దేవేంద్రవర్మ కట్టించాడని ప్రతీతి, 18వ శతాబ్దంలో మళ్ళీ కట్టారని కూడా చెబుతారు. మార్చి 10 ఎవరి ఉద్దేశం? మొదటివాళ్ళదా, తర్వాతివాళ్ళదా, ఎవరిదీ కాదా? ఒక్క గుడిని చూసి చెప్పలేం. హాస్కిన్ లాగా వంద గుళ్ళు కొలవాలి, కొలవడానికి అవి కట్టిన చోటే ఉండాలి. ప్రాజెక్టుల ముంపులో మన గుళ్ళు కొన్ని చోట్లు మారాయి. అబూ సింబెల్‌నీ 1960లలో ముక్కలుగా కోసి 60 మీటర్లకు పైగా ఎత్తుకి తరలించారు. ఆ ఇంజనీర్లు దిశ తప్పకుండా చూసుకున్నారు. రామ్సెస్ ఉద్దేశం ఏమిటో గానీ, ఇప్పుడక్కడ పడే వెలుగు మాత్రం ఖాయంగా ఉద్దేశపూర్వకం.

మన పూర్వీకుల ఖగోళశాస్త్రం నాకు దొరికింది ఆ రెండు రోజుల్లో కాదు, తూర్పులో. క్రీస్తుకి పూర్వపు కాత్యాయన శుల్బసూత్రంలో ఒక పద్ధతి ఉంది. చదునైన నేల మీద మేకు పాతి, దాని చుట్టూ వృత్తం గీయాలి. పొద్దున మేకు నీడ కొస వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం తర్వాత మళ్ళీ తాకిన చోట ఇంకో గుర్తు. రెండూ కలిపితే తూర్పు పడమర. అదే శంకువు. తర్వాతి శిల్పశాస్త్రాలు గుడి కట్టడానికి ముందు చేయమన్న పని ఇదే. అంటే ఇలా దిశ పెట్టిన ప్రతి గుడీ, అమ్మవారిదైనా ఆంజనేయస్వామిదైనా, సూర్యుడి నీడతో పుట్టింది. తూర్పు తలుపున్న ఏ ఇంట్లోనైనా ఎండ పడుతుందని తేలిగ్గా అనేశాను. అది ఏటివైపో, రోడ్డువైపో కాకుండా తూర్పుకే ఎందుకు ఉందో అడగలేదు.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఇదంతా నాన్నకి చెప్పాను. సారీ చెప్పడం మా ఇంట్లో అలవాటు లేదు, అందుకని ఊయల బొమ్మ గీసి చూపించాను. ఆయన అంతా విని "అయితే శంకువు పెట్టి చూద్దాం" అన్నారు. డాబా మీద తాపీమేస్త్రి దగ్గర తెచ్చిన తూకం గుండు, సుద్దముక్క, కొబ్బరి తాడు. పొద్దున తొమ్మిదిన్నరకి ఒక గుర్తు పెట్టారు. భోజనం మానేసి మరీ కూర్చుని రెండో గుర్తు పెట్టారు. తాడు లాగి గీత గీశాక పిట్టగోడ వైపు చూశారు. గీతా గోడా కలవలేదు. వాస్తు మనిషిని పిలిచి, సరిగ్గా తూర్పుకి కట్టించానని ఆయన ఇరవై ఏళ్ళుగా చెప్పుకునే ఇల్లు అది. కొలిస్తే ఆరు డిగ్రీలు వంకర.

నేను నవ్వాపుకుంటున్నాను. ఆయన కాసేపు గీతనే చూసి, "ఏటి చేస్తాం, ఇప్పుడు ఇల్లు తిప్పుతామేటి?" అన్నారు. తర్వాత సుద్దముక్క నా చేతికిచ్చి, "నీ కంప్యూటర్‌ని అడుగు. మన పెరటి గుమ్మంలో ఎండ ఏ రోజు పడతాదో."